గొర్రెపిల్ల బహుమానం

వేములపల్లిలో గొర్రెల మంగయ్య అంటే తెలియనివాళ్లు లేరు. ఆయన చిన్నకొడుకు లక్ష్మణ్ కోదాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేవాడు. ఆ ఉద్యోగమేమిటో ఊళ్లోవాళ్లకు ఎన్నడూ సరిగ్గా అర్థం కాలేదు. "మంగయ్య పెద్దకొడుకు గొర్లు కాస్తడు, చిన్నకొడుకు కంప్యూటర్లు కాస్తడు" అని నవ్వుకునేవాళ్లు. లక్ష్మణ్ ఆ మాటకు నొచ్చుకునేవాడు. నన్నడిగితే అతని గురించి అంతకంటే నిజమైన మాట ఇంకెవరూ అనలేదు.

మంగయ్య ఇంట్లో తాతలనాటి పద్ధతి ఒకటి ఉంది. మందలో ప్రతి గొర్రెకూ చెవికి గాటు పెడతారు. ఆ గాటు తీరును బట్టి అది ఎవరిదో తెలుస్తుంది. మందను కాసే జీతగాడికి జీతంతో పాటు ఏటా ఒక ఆడ గొర్రెపిల్లను ఇస్తారు. దాని చెవికి అతని గుర్తే పడుతుంది. అది మందలోనే మేస్తుంది, మందలోనే ఈనుతుంది, దాని పిల్లలన్నీ అతనివే. కొడుకులకైతే, వీడు మందను నిలబెడతాడని తండ్రికి నమ్మకం కుదిరిన రోజునే సొంత గుర్తు దొరుకుతుంది. అన్న నరేష్‌కు మీసాలు రాకముందే దొరికింది. మిర్యాలగూడకు డిప్లొమా చదువుకు పోయిన లక్ష్మణ్‌కు దొరకలేదు. ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. అంత పెద్ద మందలో తనదనే చెవి ఒక్కటీ లేదని లక్ష్మణ్ మాత్రం మరిచిపోలేదు.

కాలేజీ గ్రంథాలయంలో పుస్తకాల లెక్కకు లక్ష్మణ్ ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టాడు. ఊరికే దొరకడం ఒక్కటే కాదు దాని గొప్ప. దాని లోపలి రాత అందరికీ తెరిచి ఉంటుంది. ఎవరైనా చదవవచ్చు, లోపం కనబడితే సరిచేసి పంపవచ్చు. వచ్చిన సవరణలను పుణెలో ఉండే కులకర్ణి మేడం చూసి, బాగుంటే అందులో కలిపేది. లక్ష్మణ్ ఒక సవరణ పంపితే ఆమె మెచ్చుకుని తీసుకుంది. ఎక్కడెక్కడి ఊళ్లలోనో నడిచే ఆ సాఫ్ట్‌వేర్‌లో వేములపల్లి పిల్లవాడి పేరు ఎక్కింది. లక్ష్మణ్ కాళ్లు నేల మీద ఆనలేదు. ఇంటికి పోయి తండ్రికి చెప్పాడు.

"పైసలెన్ని ఇచ్చిన్రు?" అన్నాడు మంగయ్య.

"పైసలుండవు నాయినా."

"మరెందుకు చేసినవ్ర?"

ల్యాబ్‌లో విద్యార్థులను ఈ పనిలోకి దించాలని చూస్తే వాళ్లూ తండ్రిలాగే అడిగారు. "మార్కులేమైనా కలుస్తాయా సార్?" కలవవు. "సర్టిఫికెట్?" లేదు. "అయితే చూద్దాంలెండి సార్" అని క్యాంటీన్‌కు పోయేవాళ్లు.

అప్పుడు 2012. ఫలానా లోపం సరిచేసినవాళ్లకు ఇంత బహుమానమని కొన్ని కంపెనీలు ప్రకటిస్తున్నాయని, దానికి ఎక్కడెక్కడివాళ్లో పోటీలు పడుతున్నారని లక్ష్మణ్ ఎక్కడో చదివాడు. బహుమానం పెట్టడానికి అతని దగ్గర డబ్బు లేదు. గొర్రెలున్నాయి. కాలేజీలో ఫంక్షన్ ఉందని చెప్పి తండ్రి దగ్గర మంచి పొట్టేలును అడిగి తెచ్చి, ల్యాబ్ తలుపు మీద కాగితం అంటించాడు. గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌కు అందరికంటే ఎక్కువ సవరణలు పంపినవారికి పొట్టేలు!

తలలు లెక్కపెట్టే ఇంట్లో పుట్టినవాడు కదా, సవరణలను కూడా తలలు లెక్కపెడితే సరిపోతుందనుకున్నాడు. అక్కడే దెబ్బతిన్నాడు.

మూడో సంవత్సరం చదివే హరీష్ ఒక భూస్వామి కొడుకు. తెలివికి లోటు లేదు, ఒళ్లు వంచడానికే బద్ధకం. ఒకచోట ఫుల్‌స్టాప్ పెట్టి ఒక సవరణ, ఇంకోచోట ఖాళీ గీత తీసేసి ఒక సవరణ, తీసేసిన గీతను మళ్లీ పెట్టి మరో సవరణ. అది చూసి తక్కినవాళ్లూ అదే దారి పట్టారు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అంటారు. ఇక్కడ మజ్జిగ కూడా లేదు, వట్టి నీళ్లే. పొట్టేలు హరీష్‌కు దక్కింది, మరుసటి ఆదివారం వాళ్ల మామిడితోటలో కూరయిపోయింది. సోమవారం నుంచి సాఫ్ట్‌వేర్ ముఖం చూసినవాడు లేడు.

ఆ వారంలోనే కులకర్ణి మేడం ఉత్తరం మెయిల్‌లో వచ్చింది. మీ కాలేజీ పంపిన చెత్త ఏరలేక చస్తున్నాను, ఇకమీదట అక్కడి నుంచి వచ్చేది ఏదైనా చూడకుండానే పక్కన పడేస్తాను అని రాసింది. తప్పు నాది, పిల్లలది కాదని లక్ష్మణ్ బతిమాలుతూ రాశాడు. "కావచ్చు. ఏరాల్సింది మాత్రం నేనే కదా" అని ఆమె ఒక్క ముక్కలో ముగించింది.

లక్ష్మణ్‌ను కోసింది తనకు జరిగిన అవమానం కాదు. ఆ చెత్తకుప్పలో ఉమారాణి అనే విద్యార్థిని పంపినది కూడా ఉంది. ఉమారాణిది కోదాడే, తండ్రి సైకిల్ షాపు నడిపేవాడు. పొట్టేలు మీద ఆమెకు ఆశ లేదు. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కోసారి బీరువాలో ఉన్న పుస్తకాన్ని కూడా లేదని చూపే జబ్బు ఉండేది. ఎన్నో రోజులు కూర్చుని ఆమె దాని వేరు పట్టుకుంది. పంపింది మాత్రం అందరితో పాటే. పచ్చి గడ్డి ఎండు గడ్డి ఒకే మంటలో పోయాయి.

"నాది చదివారా సార్ ఆవిడ?" అని అడిగింది.

"చదవలేదమ్మా. నా వల్లనే చదవలేదు."

ఆ పిల్ల బ్యాగు సర్దుకుని వెళ్లిపోయింది. రెండు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది లక్ష్మణ్‌కు. ఆ అమ్మాయి పని పుణె గడప దాటాలి, మూసుకున్న ఆ తలుపు తన చేతుల మీదుగానే తెరుచుకోవాలి. అంతవరకు తనకు సార్ అని పిలిపించుకునే అర్హత లేదనుకున్నాడు.

దారి కాలేజీలో దొరకలేదు. కాల్వ గట్టు మీద దొరికింది.

సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు, తండ్రి పొమ్మంటే మంద వెంట పోయాడు. జీతగాడు సైదయ్య ముందు, తను వెనుక. మాడుగులపల్లి వైపు కాల్వ నిండుగా పారుతోంది. గట్టు తడిసి ఉంది. ఒక గొర్రె జారి నీళ్లలో పడింది. లక్ష్మణ్ అయ్యో అనేలోపే సైదయ్య గొంగడి విసిరేసి దూకాడు. నీళ్లు మింగుతూ, గొర్రె మెడను చంకలో ఇరికించుకుని చాలా దూరం కొట్టుకుపోయి, ఎట్లాగో గట్టెక్కాడు.

"నీకేమన్న పిచ్చా సైదన్నా? పాణం పోతే?" అని అరిచాడు లక్ష్మణ్.

సైదయ్య వగరుస్తూ గొర్రె చెవి తిప్పి చూపించాడు. "నాది తమ్మీ ఇది. పోయినేడు మీ నాయిన ఇచ్చిండు. సూలుతోని ఉన్నది."

"మా నాయిన గొర్రె పడితే దూకకపోతుంటివా?"

"దూకుదును. ఎందుకు దూకను?" అని సైదయ్య నవ్వాడు. "కాని నీళ్లెంత లోతున్నయో జర సూసి దూకుదును."

లక్ష్మణ్‌కు నవ్వు వచ్చింది. నవ్వుతూనే గట్టు మీద కూలబడ్డాడు. పుట్టినప్పటి నుంచి కళ్లముందు ఉన్న పద్ధతి అప్పుడు కనబడింది. తను పొట్టేలును ఇచ్చాడు. పొట్టేలును ఎవరైనా ఏం చేస్తారు, కోసుకు తింటారు. తండ్రి ఏనాడూ జీతగాడికి పొట్టేలు ఇవ్వలేదు. ఆడ గొర్రెపిల్లనే ఇచ్చాడు. అది పనికి కూలి కాదు, మందలో వాటా.

తండ్రికి ఉన్నమాట చెప్పి ఒప్పించాక మళ్లీ తలుపు మీద కాగితం పడింది. ఈసారి ఎన్ని పంపారన్న మాట లేదు. సాఫ్ట్‌వేర్‌లో ఏదో ఒక భాగాన్ని ఎంచుకుని ఏడాది పాటు సాకాలి. అది చెడితే బాగుచేయాలి, వాడేవాళ్లు అడిగితే జవాబు చెప్పాలి. అట్లా సాకినవారికి ఒక ఆడ గొర్రెపిల్ల, చెవికి సొంత గుర్తు. అది వేములపల్లి మందలోనే పెరుగుతుంది, దాని పిల్లలూ వారివే. భాగాన్ని గాలికి వదిలేసిన రోజున గొర్రె తిరిగి మందదే.

కాలేజీ అంతా నవ్వింది. "గొర్రెను హాస్టల్లో ఎక్కడ కట్టేస్తాం సార్?" అన్నారు. పుణె తలుపు మూసే ఉంది కదా, సాకి ఎవరికి పంపాలి అన్నారు. "ఇంట గెలిచి రచ్చ గెలుద్దాం" అన్నాడు లక్ష్మణ్. ఉమారాణి ముందుకు వచ్చింది. పుస్తకాలు వెతికే భాగం తీసుకుంది. ఇంకొకరు వస్తారని లక్ష్మణ్ అనుకోలేదు గానీ హరీష్ వచ్చాడు.

"పాడుచేసింది నేనే కదా సార్. ఆ చెత్తంతా ముందు నేనే ఏరతాను" అన్నాడు. కుర్రవాడు మాట మీద నిలబడ్డాడు, అది చెప్పుకోవాలి. చెత్త ఏరడం అయ్యాకే, ఆలస్యంగా తెచ్చిన పుస్తకాల ఫైన్ల లెక్క భాగాన్ని సాకడానికి తీసుకున్నాడు.

ఏడాది గడిచింది. సూర్యాపేటలో ఒక డిగ్రీ కాలేజీ గ్రంథాలయం కూడా వీళ్లు సరిచేసిన ప్రతినే పెట్టుకుంది. అక్కడ ఏది ఆగినా ఉమారాణి బస్సెక్కి పోయేది. తన గొర్రెపిల్ల చెవికి మంగయ్య చేత రెండు గాట్లు పెట్టించుకుని వచ్చిన నాటి నుంచి, సోమవారం ల్యాబ్‌లో అడుగుపెడుతూనే "నా గొర్రె ఎలా ఉంది సార్?" అని అడిగేది. దాని తర్వాతే గుడ్ మార్నింగ్.

2014 మొదట్లో పుణె నుంచి ఆ సాఫ్ట్‌వేర్ కొత్త రూపు విడుదలైంది. వెతికే భాగం ఎక్కడికక్కడ కుప్పకూలింది. వాడేవాళ్లంతా మాట్లాడుకునే మెయిల్ గుంపులో గగ్గోలు. ఆ గగ్గోలు మధ్య సూర్యాపేట లైబ్రేరియన్ అమాయకంగా ఒక మాట రాశాడు. "మా దగ్గర బాగానే నడుస్తున్నది. కోదాడ అమ్మాయి ఒకరు చూసుకుంటారు."

రెండు రోజులకు లక్ష్మణ్‌కు కులకర్ణి మేడం మెయిల్ వచ్చింది. ఆ అమ్మాయి చేసినదంతా పంపమని అడిగింది. పంపారు. ఒక వారం ఉలుకూ పలుకూ లేదు. తర్వాత వచ్చిన మెయిల్ ఉమారాణి పేరుకే వచ్చింది. నేను ఏడాదిగా వెతుకుతున్న లోపాన్ని మీరు ఏడాది క్రితమే సరిచేసి పంపారు, చదవకపోవడం నా పొరపాటు అని రాసింది మేడం. ఇకమీదట ఆ భాగాన్ని మీరే చూసుకోండి, నన్ను అడగనక్కర్లేదు, నేరుగా కలిపే హక్కు ఇస్తున్నాను అని ముగించింది. తలుపు తెరవమని తట్టినవాళ్లకు ఆమె తాళంచెవే ఇచ్చేసింది.

ఉమారాణి ఆ మెయిల్‌ను లక్ష్మణ్‌కు చదివి వినిపించబోయి సగంలో ఏడ్చేసింది. లక్ష్మణ్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ రోజు అతని ఛాతీ పట్టే చొక్కా కోదాడ బజారులో దొరికేది కాదు.

ఆ ఎండాకాలం మంద త్రిపురారం దగ్గర కోసిన వరి మడుల్లో దిగింది. ఉమారాణి గొర్రె ఈనిందని తెలిసి ఆమె, హరీష్ చూడటానికి వచ్చారు. పుట్టింది ఆడపిల్లే. ఉమారాణి దాన్ని ఎత్తుకుని, "దీన్ని హరీష్‌కు ఇస్తాను తాతా. ఫైన్ల లెక్క భాగం బాగా సాకాడు" అంది.

మంగయ్య ఆమె వైపు, హరీష్ వైపు చూశాడు. "నీకు పొట్టేలు గావాల్నా, పిల్ల గావాల్నా?" అని హరీష్‌ను ఆటపట్టించాడు.

"పిల్లే తాతా. పొట్టేలు అరిగిపోయింది" అన్నాడు హరీష్. అందరూ నవ్వారు.

మంగయ్య కత్తి తీసి ఆ పిల్ల చెవికి హరీష్ గుర్తు పెట్టాడు. కత్తి తుడుచుకుని మడవలేదు. సైదయ్యను పిలిచి, మందలో ఈ ఏటి పిల్లల్లో అన్నిటికంటే ఏపుగా ఉన్నదాన్ని పట్టుకురమ్మన్నాడు.

"ఇది ఎవరికి నాయినా?" అన్నాడు లక్ష్మణ్.

"ఈ పోరగాండ్లు ఆ కంప్యూటర్ పనిని సాదిన్రు. ఈ పోరగాండ్లను సాదిందెవరు?" అన్నాడు మంగయ్య. "కాసెటోనికి జీవం ఇయ్యకుంటే మంద నిలవదుర."

పిల్లను మోకాళ్ల మధ్య పట్టుకుని చెవి అంచుకు ఒక గాటు, కొనకు ఒక గాటు పెట్టాడు. ఆ గుర్తు చూసి సైదయ్య తలపాగా సర్దుకుని సరిగా నిలబడ్డాడు. అది మంగయ్య తండ్రి గుర్తు. ఆ ముసలాయన పోయాక దాన్ని ఏ చెవికీ పెట్టలేదు. నరేష్ అడిగినా పెట్టలేదు.

"పట్టుకో" అని మంగయ్య గొర్రెపిల్లను కొడుకు చేతుల్లో పెట్టాడు. "జర మెల్లగ. చెవి మండుతుంటది."

లక్ష్మణ్ దాన్ని గుండెకు హత్తుకున్నాడు. చెవి నుంచి నెత్తురు చుక్క కాలేజీకి వేసుకునే తెల్లచొక్కా మీద పడింది. ఆ మరకను అతను ఎన్నడూ ఉతకనివ్వలేదు.