సెద్రాక్ మింగేసిన పేరు

మా చిన్న దేశంలో గ్యూమ్రీ అనే ఊళ్లో, మా వీధిలో పెళ్లయినా చావయినా బల్ల దగ్గర మాట్లాడే హక్కు సెద్రాక్‌దే. పగలు రాళ్లు చెక్కుకునేవాడు, విందుకు కూర్చుంటే మహారాజు. అతను ఎవరి పేరెత్తితే వాళ్ల కోసం అందరూ తాగాల్సిందే. బతికున్నవాళ్ల కోసమైతే గ్లాసులు తగిలిస్తాం, పోయినవాళ్ల కోసమైతే తగలనివ్వం. ఈ తేడా మా చంటిపిల్లలకు కూడా తెలుసు.

పెద్ద దేశాలు తగువుపడితే సెద్రాక్‌ది ఒకటే పాట. "ఆంబోతుల కుమ్ములాటలో విరిగేవి లేగల కాళ్లే. మనకెందుకురా, నోరు మూసుకోండి." మేమూ తలూపేవాళ్లం. పొరుగు దేశంతో మా యుద్ధంలో మా పిల్లలు రాలిపోతుంటే ఏ ఆంబోతు వచ్చింది గనక?

కానీ అతని ఇంటి కథ వేరు. భూకంపంలో అతని భార్య గోడ కింద నలిగి పోయింది. పసిగుడ్డు అషోత్ మిగిలాడు. పక్కింటి వర్దూష్ తన కొడుకు మాన్వెల్‌తో పాటు వాడికీ పాలిచ్చి బతికించింది. పెద్దయ్యాక ఇక్కడ పనులేవీ? అషోత్ రష్యా పోయాడు, మాన్వెల్ ఉక్రెయిన్ పోయాడు. ఎక్కడికి పోయినవాడు అక్కడి పౌరుడయ్యాడు. తర్వాత ఆ రెండు దేశాలూ కొట్టుకున్నాయి, ఇద్దరికీ సైన్యం నుంచి పిలుపొచ్చింది. ఒకే తల్లి పాలు తాగినవాళ్లు చెరో పక్క తుపాకి పట్టారు. ఏ దేవుడికి చెప్పుకోవాలి ఈ గోడు?

కొత్త సంవత్సరం విందునాడు వర్దూష్ సెద్రాక్‌ను వంటింటి గుమ్మంలో ఆపింది.

"అన్నా, పిల్లల కోసం గ్లాసెత్తుతావుగా. ఇద్దరి పేర్లూ చెప్పు. నాకింకేం వద్దు."

"చెప్తాలేమ్మా, అది కూడా అడగాలా?"

తీరా సెద్రాక్ లేచి నిలబడేసరికి, రష్యా నుంచి సెలవుకొచ్చిన మేనల్లుడు వాహాన్ వీడియో తీయడానికి ఫోను పైకెత్తాడు. "బాగా చెప్పు మామా. అషోత్ వాళ్ల దళంలో అందరికీ పంపిస్తా."

సెద్రాక్ కళ్లు ఆ ఫోను మీద పడ్డాయి. అవతలి సైన్యంలోని వాడి పేరు తండ్రి నోట వింటే అక్కడ కొడుకును ఏం చేస్తారో.

"మా అషోత్ క్షేమంగా ఇంటికి రావాలి" అన్నాడు. మాన్వెల్ పేరు మింగేశాడు. ఏ పక్కా వద్దన్న పెద్దమనిషి అలా ఒక పక్కన చేరాడు.

గ్లాసులు గలగలమన్నాయి. వర్దూష్ మాత్రం తన గ్లాసు వెనక్కి లాక్కుని, ఎవరికీ తగలనివ్వకుండా తాగేసింది.

"అదేంటత్తా, బతికున్నవాడి కోసం అలా తాగుతారా?" అన్నాడు వాహాన్.

"అషోత్ నా బిడ్డే, నూరేళ్లు బతకాలి. నేను తాగింది మాన్వెల్ కోసం. మీ మామకి ఎవడి పేరెత్తడానికి నోరు రాలేదో వాడు చచ్చినవాడి కిందే లెక్క కదరా."



మంచు కరిగే రోజుల్లో అషోత్ శవపేటికలో ఇంటికొచ్చాడు. తండ్రి జాగ్రత్తంతా బూడిదలో పోసిన పన్నీరయింది. నలభయ్యో రోజు భోజనాల దగ్గర కొడుకు కోసం తనే గ్లాసెత్తాడు. అందరం తగలనివ్వకుండా తాగాం. కూర్చుంటాడనుకున్నాం, మళ్లీ పోసుకున్నాడు.

"ఇది మాన్వెల్ కోసం. నా కొడుకు తాగిన పాలే తాగినవాడు. వాడైనా బతకాలి" అని వర్దూష్ వైపు గ్లాసు చాపాడు. చావుబల్ల మీద గ్లాసు తగిలించబోయినవాణ్ణి మా వీధి అంతకు ముందు చూడలేదు.

వర్దూష్ గ్లాసెత్తింది. సగంలో ఆపేసింది.

"వాడి ఫోను రాక చాన్నాళ్లయింది అన్నా. ఉన్నాడో లేడో చెప్పే దిక్కు లేదు. ఇప్పుడు తగిలించమంటావా, వద్దంటావా? పెద్దవాడివి, నువ్వే చెప్పు."

ఊరందరి తరఫునా మాట్లాడిన నోరు అది. చాపిన చెయ్యి అలాగే ఉంది, నోరు మాత్రం పెగల్లేదు.