ముందు కోడ్ లేని నంబరు

మొన్న మధ్యాహ్నం నా ఫోన్ మోగితే మా అన్న మనవరాలు లాక్కుని తెర చూసి, "అమ్మమ్మా, ల్యాండ్‌లైన్ నంబర్ హై, ఎత్తకు. గిట్లాంటియన్నీ ఫ్రాడే ఉంటయి" అని కట్ చేసేసింది. సున్నా రెండు ఆరు ఒకటి అని మొదలైన నంబరు. అది మన సూరత్ కోడేనే పిచ్చిదానా అంటే, "ఊరికి కోడ్ ఏంది?" అని నా మొహంలోకి చూసింది. ఇక్కడే సూరత్ డిండోలిలో పుట్టి పెరిగిన పిల్ల, మూడు భాషలు కలిపి మాట్లాడుతుంది, ఊరికి నంబరుండేదని మాత్రం తెలియదు. చెప్పడం మొదలుపెట్టాను గానీ, సగంలోనే దాని ఫోన్ మోగి వెళ్లిపోయింది. మిగతాది ఇలా రాస్తున్నాను.

నేను పెళ్లి చెడి సూరత్ వచ్చిన కొత్తలో మా అన్న ఉధనా వైపు మగ్గాల ఖాతాలో, అంటే నేత షెడ్డులో, పనిచేసేవాడు, వదిన ఇంటి ముందుగదిలో ఎస్‌టీడీ బూత్ నడిపేది. ముందుగది అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక బల్ల, అద్దాల డబ్బా, అందులో మనిషి నిలబడితే చెమట వాసన, అగరొత్తుల వాసన కలిసి ఉక్కిరిబిక్కిరి చేసేవి. ఆదివారాలు మా తెలంగాణ మగవాళ్లంతా గుమిగూడేవాళ్లు. వదినకు వాళ్ల పేర్లు గుర్తుండేవి కావు, కోడ్‌లు గుర్తుండేవి. "సిరిసిల్లాయనా, నీ లైన్ కలిసింది", "ఓ జగిత్యాల, జర జల్దీ మాట్లాడు, ఎనకాల నిర్మల్ నిలబడ్డది" అని కేకలేసేది. ఒకసారి ఒకాయన నా పేరు నిర్మల్ కాదక్కా అని చిన్నబుచ్చుకుంటే, అయితే ఊరు మార్చుకో అంది.

నాకు పని నేర్పింది కూడా ఆమే. ముందున్న సున్నా, మనం ఊరు దాటుతున్నామని ఎక్స్ఛేంజీకి చెప్పడానికి. తర్వాత ఊరి కోడ్, ఆ తర్వాత ఇంటి నంబరు. సూరత్ పెద్దది, ఇళ్లు ఎక్కువ, అందుకని కోడ్ మూడంకెలు, నంబరు ఏడు. మా వైపు పట్నాలు చిన్నవి, కోడ్ నాలుగంకెలు, చుట్టుపక్కల పల్లెలన్నిటికీ కలిపి అదొక్కటే, నంబరు ఆరు. సున్నా పక్కన పెడితే ఎక్కడిదైనా మొత్తం పది. ఇటు గుజరాత్ కోడ్‌లు రెండుతో, మా జిల్లాలవి ఎనిమిదితో మొదలయ్యేవి. ఊళ్లో వాళ్లు ఊళ్లో వాళ్లకు చేసుకునేటప్పుడు కోడ్ అక్కర్లేదు. అందుకే ఎవరూ తమ ఇంటి నంబరు చెప్పేటప్పుడు కోడ్ చెప్పరు. ఆరంకెలు చెప్పి ఊరుకుంటారు.

ఒక ఎండాకాలం పొద్దున్నే కడోదరా నుంచి ఒక మనిషి పరుగున వచ్చాడు. అక్కడి రంగుల మిల్లులో పనిచేసే మన తెలుగువాడే. చొక్కా ముందంతా తడిసి ఉంది. ఆవిరి గొట్టం పగిలి ఒకడు కాలిపోయాడని, టెంపోలో వేసుకుని పెద్దాసుపత్రికి తెచ్చామని చెప్పాడు. కాలినవాడు ఆ వారమే వచ్చాడట. కూలీలను పెట్టే ఠేకేదారు స్టేషన్‌లో దొరికినవాణ్ణి దొరికినట్టు పనిలో పెట్టుకున్నాడు, ఏ ఊరో అడగలేదు. పేరు తెలుసు, కానీ ఆ పేరు మా వైపు ఇంటికొకటి ఉంటుంది. మిల్లు దగ్గర టెంపోలోకి ఎక్కించేటప్పుడే ఆ పిల్లవాడు ఒక నంబరు చెప్పాడట. దారంతా ఈ మనిషి ఒళ్లో పడుకుని మళ్లీ మళ్లీ అదే చెప్పి, స్పృహ తప్పాడు.

"ముందల కోడ్ ఏంది?" అంది వదిన.

"చెప్పలే అక్కా. మిల్లు ఫోన్ నుంచి ఉత్తగ కొట్టి సూసినం. ఎవరో గుజరాతీ ఆమె ఎత్తి రాంగ్ నంబర్ అన్నది."

కడోదరా సూరత్ పక్కనే ఉన్నా దాని కోడ్ వేరు, బార్డోలి పట్నానిది. అక్కడా ఆరంకెలే. ఆ నంబరు బార్డోలి వైపు ఏదో ఇంట్లో మోగిందన్నమాట. అదే ఆరంకెలు మా వైపు పట్నం పట్నానా ఒక్కో ఇంట్లో మోగుతాయి. అందులో ఒక ఇల్లు ఆ పిల్లవాడిది.

అన్న ఆ మనిషిని తీసుకుని ఆసుపత్రికి వెళ్లాడు. వదిన తలుపు దగ్గరగా వేసి కూర్చుంది. ముందు సిరిసిల్ల కలిపింది. ఎవరో పెద్దామె ఎత్తింది. సూరత్ నుంచి అనగానే, "మా కొడుకా? ఏమైందమ్మా?" అని గొంతు మారిపోయింది. వదిన పేరు అడిగితే అదే పేరు చెప్పింది. వదిన తడబడకుండా, "మీ కొడుకు ఇక్కడికొచ్చి ఎన్ని దినాలాయె అమ్మా?" అంది.

"మూడేండ్లాయె. సూరత్ పక్కన సచిన్‌ల బట్టనేసే సాంచెలు నడుపుతడు. చెప్పు బిడ్డా, ఏమైంది?"

"అయితే మీవోడు కాదు. ఈ పిల్లగాడు మొన్ననే వచ్చిండు. మీరు పరేషాన్ కాకుండ్రి."

అవతల ఆమె దేవుడికి దండం పెట్టుకోవడం వినిపించింది. ఆ వెంటనే ఏడుపు. "నా నోరు పాడుగాను, మావోడు కాదని సంబురపడ్డ. ఆ తల్లి ఎవరో బిడ్డా, దొరికితే నాకు చెప్పు" అంది.

తర్వాత జగిత్యాల. ఎవరో ఆఫీసు మనిషి, మాకు తెలియదని పెట్టేశాడు. సిద్దిపేటలో మోగి మోగి ఆగిపోయింది. అదే ఆ పిల్లవాడి ఇల్లేమో, పొలం పోయారేమో అనే అనుమానంతో వదిన దానికే పదే పదే చేసింది. చివరికి ఒక ముసలాయన ఎత్తి, మా ఇంట్లో నేనొక్కణ్ణే అన్నాడు. నిర్మల్ కోడ్‌తో కలిపితే పల్లెలో ఒక కిరాణా దుకాణం తగిలింది. పేరు చెప్పగానే దుకాణాయన, "మా ఎనకింటి పోరడే. మొన్ననే పోయిండు. ఆగుండ్రి, వాని భార్యను పిలుస్త, జర సేపటికి మళ్ల చెయ్యుండ్రి" అన్నాడు.

వదిన ఫోన్ పెట్టి ఊపిరి పీల్చుకుంది. నాకేసి చూసి నవ్వింది కూడా. అప్పుడే ఆసుపత్రి నుంచి అన్న ఫోన్ చేశాడు. వదిన విని, పెట్టేసి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"నేను చెయ్యనా వదినా?" అన్నాను.

"వద్దు. నేనే మొదలువెట్టిన" అని మళ్లీ నిర్మల్ కలిపింది.

ఆ పిల్ల పరుగెత్తుకొచ్చినట్టుంది, రొప్పుతోంది. చంకలో పాప ఏడుస్తోంది. వదిన, "చెల్లె, ముందుగాల కూసో. పాపను పక్కనున్నోళ్లకియ్యి" అంది. దాంతోనే ఆ పిల్లకు అర్థమైపోయింది. మిగతా మాటలు వదిన చెప్పింది, ఏదీ దాచలేదు. అంతా విని ఆ పిల్ల, "ఏమన్న అన్నడా అక్కా?" అని అడిగింది.

"ఈ నంబరే అన్నడు చెల్లె. ఇంకేం అనలే."

ఆమె, ఆమె మామగారు రైలెక్కి వచ్చేదాకా అన్న ఆసుపత్రి గుమ్మం వదల్లేదు. శవం ఊరికి తీసుకుపోయే స్థితిలో లేదు, ఇక్కడే తాపీ నది ఒడ్డున కాల్చారు. ఆ పిల్ల మా ఇంట్లో రెండు రాత్రులుంది. ఏమీ తినలేదు. వదినే పాపను ఒళ్లో వేసుకుని పాలు పట్టింది. సిరిసిల్ల ఆమెకు వదిన ఫోన్ చేసి చెబితే, ఆమె మళ్లీ ఏడ్చింది. ఆ ఆదివారం నుంచి వదిన బూత్‌కొచ్చిన ప్రతివాడి చేతా ఇంటి నంబరు కోడ్‌తో సహా అప్పజెప్పించేది, చిన్నపిల్లల చేత ఎక్కాలు చెప్పించినట్టు. మగవాళ్లు నవ్వేవాళ్లు. ఆమె నవ్వేది కాదు.

ఆ పిల్ల కొన్నేళ్లపాటు ఆ దుకాణం నుంచే మాకు ఫోన్ చేసేది. తర్వాత దుకాణాయన ఫోన్ తీసేయించాడు, మేం బూత్ ఎత్తేశాం. చంకలో ఏడ్చిన పాపకు ఈపాటికి పెళ్లి వయసు దాటి ఉంటుంది. వాళ్ల నాన్న చివరి ఘడియల్లో పక్కన కూర్చున్న మా అన్న పోయాడు, ఆ కబురు చెప్పిన వదినా పోయింది. ఇంకొన్నేళ్లు పోతే ఆ పాప వచ్చి, మా నాన్న ఎట్ల పోయిండు అని అడిగినా చెప్పడానికి సూరత్‌లో ఎవరూ ఉండరు.