కుంకుడు నురగ సాక్ష్యం

నేను కాపురానికొచ్చిన ఏడాది మా ఇంట్లో దొంగతనం జరిగింది. పోయింది నగా కాదు, నట్రా కాదు. మా ఆయన మోటార్ సైకిల్ గేర్ బాక్సులో ఆయిలు. డెబ్బయ్యో దశకం మొదట్లో మాట ఇది. అప్పటికి మేముండే పటమట ఇంకా సగం పొలాలే. మా ఆయన బట్టల మూటలు బండికి కట్టుకుని కంకిపాడు, ఉయ్యూరు, గన్నవరం కొట్లకు వేసి వచ్చేవారు. ఆ బండి నాకన్నా ముందు ఆ ఇంట్లో అడుగుపెట్టింది కాబట్టి నామీద దానికి పెద్దరికం ఉండేది. పొద్దున్నే దాన్ని తుడిచాకే ఆయన నాతో మాట్లాడేవారు.

వసారాలో ఒక పక్క బండి, ఇంకో పక్క మామగారి మగ్గం. పెడనలో జన్మంతా నేత నేసిన మనిషి, కొడుకు దగ్గరికి వస్తూ మగ్గాన్నీ వెంట తెచ్చుకున్నారు. కొత్త కోడలినని అందరూ నాతో ఆచితూచి మాట్లాడుతున్న రోజుల్లో, ఆయనొక్కరే నన్ను మగ్గం దగ్గర కూర్చోబెట్టుకుని, వీధిలో ప్రతివాళ్ల నడకా చేసి చూపించి కడుపుబ్బ నవ్వించేవారు. ఆయన లేకపోతే ఆ ఏడాది నేను పెట్టె సర్దుకుని పుట్టింటికి చక్కాపోయేదాన్నే.

మా ఆయన గేర్ బాక్సులో నిండుగా ఆయిలు పోస్తారు. వారం తిరక్కుండా చూస్తే సగానికి సగం ఉండదు. నేల మీద చుక్క కనబడదు. ఇంజన్ చుట్టూ వేలు పెట్టి రాసినా తడి తగలదు. మరి ఏమవుతున్నట్టు?

ఆ మధ్యనే ఆయిలు మార్చినప్పుడు బండిలోంచి తీసిన పాత ఆయిలు మామగారు మగ్గానికి రాసుకుని, "ఒరేయ్, మోటారు నూనె పెడితే పోగుల మధ్య నాడె ఎంత సులువుగా పరిగెడుతోందిరా!" అని మురిసిపోయారు. మా ఆయన బుర్రలో ఆ మాట ముల్లులా దిగబడిపోయింది.

ఇక విచారణ ఎలా చేశారో వినండి. నేతవాళ్ల ఇల్లు కదా, దేనికైనా బట్టే ప్రమాణం. మామగారే నేసిన కొత్త తెల్ల పంచెను రాత్రి బండి కింద పరిచారు. తెల్లారి చూస్తే పంచె మల్లెపువ్వు. ఎక్కడా మరక లేదు.

"చూశావుటే? కారితే బట్ట చెప్పదూ? కారలేదంటే ఎవరో తీసినట్టేగా!" అన్నారు మా ఆయన, కళ్లు మగ్గం వైపు తిప్పి. మామగారు అసంకల్పితంగా చేతులు తుడుచుకున్నారు. "అదిగో! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు!" అనేశారు ఈయన.

మామగారు నాడె పక్కన పెట్టేశారు. మగ్గం దిగి లోపలికి వెళ్లి, అత్తగారితో, "ఆదివారం మధ్యాహ్నం బస్సుకి పెడన పోతున్నా. మన అమ్మాయి దగ్గరుంటా. మగ్గం తెచ్చుకోవడానికి వేరే బండి పంపిస్తా" అన్నారు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. అగ్గిపుల్ల గీయమంటే పుల్లలన్నీ విరగ్గొట్టే మనిషి, స్పానరుతో బోల్టు విప్పి ఆయిలు తీస్తారా? ఆయన వెళ్లిపోతే ఆ ఇంట్లో నాతో నవ్వేదెవరు? రెండు రోజులు మొగుడికి చారు చప్పగా పోశాను.

ఆదివారం పొద్దున అందరి తలంట్లూ అయ్యాయి. మామగారు మూట కట్టుకుంటున్నారు. మా ఆయన బండి స్టార్టు చేస్తే తెల్లటి పొగ వంటింట్లోకి వచ్చింది. నేను దగ్గుతూ బయటికొచ్చాను.

"ఏవండీ, ఈ పొగేవిటండీ? మూకుట్లో నూనె మాడినట్టు?"

"టూ స్ట్రోకు బండే ఇది! పెట్రోల్లోనే ఆయిలు కలిపి పోస్తాం. పొగ రాకుండా ఎలా ఉంటది?"

"గేర్ల ఆయిలు కూడా అందులోకే పోతుందేమో?"

ఆయన నవ్వి, పిల్లకు పాఠం చెప్పినట్టు చెప్పారు: పెట్రోలు మండే గది వేరు, గేర్ల గది వేరు, మధ్యలో రబ్బరు సీలు ఉంటుంది.

"ఆ రబ్బరు పోతేనో?"

"పోదు."

"పోతేనో అంటున్నా!"

మా వీధి చివర సైకిల్ షాపులో ట్యూబు పంచరు నీళ్లలో ముంచి బుడగలతో పట్టుకుంటారు. రబ్బరు పోయి పెట్రోలు గదిలోంచి గేర్ల గదిలోకి గాలి వస్తుంటే, గేర్ల గదిలోంచి ఆయిలు అటు పోదా? నేను గబగబా దొడ్లోకి వెళ్లి, మిగిలిన కుంకుడు రసం చెంబులో గిలక్కొట్టి తెచ్చాను. గేర్ బాక్సులో ఆయిలు పోసే కన్నం మూత తీయించి, ఆ కన్నం మూతి మీద నురగ పరిచాను. "ఇప్పుడు కిక్కు కొట్టండి."

ఆయన తిట్టుకుంటూ కొట్టారు. నురగలోంచి నారింజకాయంత బుడగ లేచింది! ఇంకో కిక్కు. బుడగ ఊగింది, ఉబ్బింది, టప్పున పేలి నురగంతా ఆయన ముక్కు మీద పడింది. అత్తగారు పగలబడి నవ్వేశారు. నేను నేల మీద కూలబడి నవ్వుతున్నాను. "ఇంకోటి కొట్టరా, ఇంకోటి!" అని అత్తగారు చిన్నపిల్లలా గంతులు. ఆయన కొడుతూనే ఉన్నారు, బుడగలు లేస్తూనే ఉన్నాయి. పెట్రోలు మండే గది ప్లగ్గు విప్పి చూస్తే ఆవకాయ ముక్కలా ఆయిల్లో తడిసి ఉంది. ఆయిలంతా లోపల్లోపలే సీలు దాటి, మండి, పొగై ఊరంతా తిరుగుతోందన్నమాట!

ఆ గోలకు మామగారు గుమ్మంలోకి వచ్చారు. చంకలో మూట. మా ఆయన ముక్కు మీది నురగ తుడుచుకోవడం కూడా మర్చిపోయి నిలబడిపోయారు.

"కుంకుడు నురగ చెబితేగానీ నమ్మలేదుట్రా నన్ను?" అన్నారు మామగారు.

మా నవ్వులు ఆగిపోయాయి. ఏదో ఒకటి అబద్ధం చెప్పు మహానుభావా అని నేను లోపల మొక్కుకుంటున్నాను.

"నమ్మలేదు నాన్నా" అన్నారు మా ఆయన. "నిన్ను అడగను కూడా అడగలేదు."

మామగారు మూట నా చేతిలో పెట్టి, "సరే, ఆ రబ్బరేదో వేయించుకొద్దాం, పద. ఒక్కడివే వెళ్తే ఆ మెకానిక్కుని కూడా దొంగంటావు" అన్నారు.

అన్నాళ్లూ ఆ బండెక్కమంటే భయమని ఎక్కని మనిషి, పంచె ఎగ్గట్టి వెనక కూర్చున్నారు. అత్తగారూ నేనూ వీధిలోకి పరిగెత్తాం. పొగ చిమ్ముకుంటూ బండి కదిలింది. పట్టుకోవడానికి సీటు కింద కడ్డీ ఉంది. మామగారు దాన్ని పట్టుకోలేదు. కొడుకు భుజం మీద చెయ్యి వేశారు. మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి తీయలేదు.