కంప అవతలి గంట

మా ఊరి గుడిని చూసుకునే విచారణ గురువు కన్నుమూశారన్న కబురు గురువారం పొద్దున వచ్చింది. అప్పుడు నేను వాకిలి అలుకుతున్నాను. ఆదివారం నుంచి ఆగమన కాలం. క్రీస్తు పుట్టిన పండుగకు ముందు వచ్చే ఆ నాలుగు వారాల కోసం ఇల్లూ వాకిలీ అలికి పెట్టుకోవడం మా అమ్మ నాటి నుంచి ఉన్న అలవాటు. మరదలు పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు కొడుతోంది. తమ్ముడు ఎడ్లకు చొప్ప వేస్తున్నాడు. మంచు ఇంకా విడలేదు.

గుడిలో సామికి సాయంగా జపాలు చెప్పించే ఉపదేశి వచ్చి అరుగు పక్కన నిలబడ్డాడు. ఆయన మా ఇంటికొస్తే ముందు కూర్చుంటాడు, తరువాతే మాట.

"అక్కా, సామి పోయిండు. నిన్న పొద్దుమూకినంక, పాలమూరు దవాఖానల. శనివారం మనూరికే తెస్తున్నరు. గుడి పక్కకే మట్టి జేస్తరట."

సిలువ గుర్తు వేసుకుందామని చెయ్యెత్తాను. చేతినిండా పేడ. దించేశాను.

సామి మా దిక్కు మనిషి కాదు. కృష్ణ అవతల, గుంటూరు వైపు నుంచి వచ్చారు. వచ్చిన కొత్తలో ప్రసంగంలో మాటమాటకూ 'అండీ' అంటుంటే వెనక వరుస అవ్వలు కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేవారు. ఒకావిడ ముఖం మీదే అంది: "గంత మర్యాద మాకు పడదు సామీ, అజీర్తి అయితది." అందరికన్నా ఎక్కువ ఆయనే నవ్వారు. పన్నెండేళ్లలో మా మాట ఆయనకు బాగానే పట్టుబడింది.

అంగీ అంచు తెగితే తానే కుట్టుకునేవారు. తెల్ల అంగీకి నల్లదారం. ఆయన సైకిలుకు బ్రేకులు అంతంత మాత్రం, గంట మాత్రం గట్టిది. ఎవరింటి ముందైనా ఒక్కసారే కొట్టేవారు. "రెండోసారి గొడితే పిలిచినట్టు గాదు, తొందరవెట్టినట్టు" అనేవారు.

ఆగమన కాలం నాలుగు శనివారాలూ ఆయన పార పట్టేవారు. సడక్ నుంచి అవతలి గూడెం మీదుగా గుడికి వచ్చే బండ్లబాట వానలకు కోసుకుపోయి ఉండేది. గుంతలు పూడ్చి, రాళ్లు ఏరి, బాటను చదును చేయించేవారు. ఎవరింటి ముందు ముక్క వాళ్లది. "గుడిల పూలు గట్టుడు అల్కటి పని. ముందుగాల బాట సాపు జెయ్యుండ్రి" అనేవారు.

మా ముక్క ఎప్పుడూ అద్దంలా ఉండేది. నేను దగ్గరుండి చేయించేదాన్ని. ఆ ముక్క చివర మాత్రం బాటకు అడ్డంగా తుమ్మకంప ఉండేది.

ఆ కంప సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు చెబుతాను.

మా చెల్లె అవతలి గూడెంలో గొర్లు మేపుకునే ఇంటి పిల్లగాణ్ణి చేసుకుంటానంది. వాళ్లది మా గుడి కాదు. బాపు ససేమిరా అన్నాడు. చెల్లె పోయి సామిని అడిగింది. ఆయన బాపు కాళ్లావేళ్లా పడి చూశారు. చివరికి పైన బిషప్ గారి నుంచి అనుమతి తెప్పించి, గుడిలోనే పెళ్లి చేశారు. మా ఇంటి నుంచి ఎవరమూ పోలేదు. ఆ మరునాడే బాపు గూడెం నుంచి మా వాకిట్లోకి వచ్చే బాటకు కంప కొట్టించాడు. ఊరివాళ్లూ గూడెంవాళ్లూ అప్పటి నుంచి వాగు చుట్టూ తిరగడం మొదలుపెట్టారు.

రెండేళ్లకు బాపు పోయాడు. తమ్ముడు మెల్లగా అడిగాడు: "ఇగ తీద్దమా అక్కా?"

పెళ్లి లేకుండా ఉండిపోయిన పెద్దదాన్ని. బాపు తరువాత ఇంట్లో నా మాటే మాట. "బాపు వెట్టింది. ముట్టకు" అన్నాను. కాబట్టి రెండేళ్లే అది బాపు కంప. మిగతా ఎనిమిదేళ్లూ నాది.

సామి దాన్ని తీయమని ఒక్కనాడూ అనలేదు. గూడెంలో జపం చెప్పించి, సైకిలు నడిపించుకుంటూ కంప దాకా వచ్చేవారు. అవతలే ఆగి ఒక్కసారి గంట కొట్టేవారు. కాసేపు చూసి, వెనక్కి తిరిగి, వాగు ఇసుకలో సైకిలు నెట్టుకుంటూ చుట్టూ తిరిగి వచ్చేవారు. మాకు పది అడుగులు, ఆయనకు గంటసేపు. అప్పటికే ఆయనకు ఆయాసం.

ఒక ఆగమన శనివారం గంట మోగాక ఆయన గొంతు కూడా వినిపించింది. "అక్కా! చెల్లెకు బిడ్డ పుట్టింది. తల్లీపిల్లా మంచిగున్నరు."

నేను వంటింట్లో ఉన్నాను. మరదలు లేవబోయింది. "కూసో. పొయ్యి మీద పాలు పొంగుతయ్" అన్నాను. పొయ్యి మీద పాలు లేవు. ఆ సంగతి మరదలికీ తెలుసు.

గంటసేపటికి ఆయన వాగు తిరిగి వాకిట్లోకి వచ్చారు. కాళ్లకు మోకాళ్ల దాకా ఇసుక. "నీళ్లుంటే ఇయ్యి అక్కా" అని రెండు చెంబులు తాగి, "వాగుల ఇసుక బాగ వెరిగింది" అన్నారు. అంతే. బిడ్డ మాట మళ్లీ ఎత్తలేదు.

చేసిన పాపాలు గురువుకు చెప్పుకునే పాపసంకీర్తనానికి పోతే, ఆగమన కాలంలో ఆయన అందరినీ ఒకటే అడిగేవారు: "ఎవరితోని మాట్లాడుతలేవు?" నేను జపమాల చెప్పడం తప్పిందనీ, మరదలిని కసిరాననీ చెప్పేదాన్ని. "ఇంకేమన్న ఉన్నదా అక్కా?" "లేదు సామీ." ఆయన మళ్లీ అడిగేవారు కాదు.

పోయిన ఏడాది ప్రసంగంలో అన్నారు: "వాకిలి మంచిగ అలుక్కుంటం. ప్రభువు గా వాకిట్లకెల్లే వస్తడని ఎవలు జెప్పిన్రు? మనం మూసిన దిక్కుకెల్లి వస్తే?" గుడిలో ఎవరూ నా వైపు చూడలేదు. నేనే తల దించుకున్నాను. అయినా ఇంటికి వచ్చి కంప ముట్టలేదు.

రెండు నెలల కింద ఆయాసం ఎక్కువైతే ఆయనను బండి మీద సడక్‌కు తీసుకుపోయి, పాలమూరు బస్సు ఎక్కించారు. ఆ బండి కూడా వాగు చుట్టూ తిరిగే పోయింది. సైకిలు గుడి వసారాలో ఉండిపోయింది.

గురువారం సాయంత్రం ముగ్గురం అరుగు మీద కూర్చున్నాం. తమ్ముడు నేల చూస్తూ అన్నాడు: "సడక్ మీద దించి, గూడెంకెల్లి మోసుకొస్తరట. ఆడికెల్లి వాగు సుట్టు తిప్పాలె."

ఇన్నేళ్లలో నాకు ఎదురుచెప్పని మరదలే నోరు తెరిచింది. "బతికినన్నొద్దులు తిప్పినం వదినా. సచ్చినంక గూడ తిప్పుదమా?"

నేను అరుగు దిగాను. "గొడ్డలి ఏడున్నది?" అన్నాను.

ఆ సాయంత్రం మేం అనుకున్నది ఇది. శుక్రవారం పొద్దుమూకేలోపు కంప ఉండకూడదు. అది తీయగానే, తమ్ముణ్ణి పంపకుండా నేనే చెల్లె ఇంటికి పోవాలి. ఆమె బిడ్డకు ఇప్పుడు ఐదేళ్లు, నా ముఖం తెలియదు. శనివారం సామిని చెల్లె వాకిట్లో నుంచి మా వాకిట్లోకి తేవాలి. తమ్ముడూ చెల్లె పెనిమిటీ చెరో పక్క శవపెట్టెకు భుజం పట్టాలి. ముందు ఆయన సైకిలును ఉపదేశి నడిపించాలి. కంప ఉన్న చోటికి రాగానే ఆగి, ఒక్కసారి గంట కొట్టాలి.

అప్పుడు నేను వంటింట్లో నుంచి బయటికి రావాలి.