చెరుకు బండి వాకిలి

సాయవ్వ అంటే ఊర్లె అందరికీ హడలే. చెరుకు కొట్టేటప్పుడు పాము ఎదురొస్తే కొడవలి కొనతోని పక్కకు నూకి మళ్ల పనిల వడ్డ మనిషి. గసొంటి సాయవ్వ ఏడాది సంది ఇంటి గడప దాటలేదంటే నమ్ముతరా? నమ్మాలె, ఏం చేస్తం.

అంతా ఆమె మొగడు భీమన్న చేసిన గొప్ప. చెరుకు మంచిగ పండిన ఏడు, బోధన్ మేస్త్రీని పిలిపించి, గోడ నుంచి గోడ దాక వాకిలంత సిమెంటు గచ్చు చేయించిండు. "అలికి అలికి నా పెండ్లాం నడుము వడిపోతున్నది" అని ఊరంత చెప్పుకొని తిరిగిండు. తొలి వానకాలమే గచ్చుకు పాకురు పట్టింది. నీళ్ల బిందెతోని సాయవ్వ దభాలున జారి పడ్డది. తుంటి బొక్క విరిగింది.

బొక్క అతికింది గని భయం పోలేదు. గోడ పట్టుకొని ఇల్లంత తిరుగుతది. గడప కాడికి రాంగనే తలుపు పట్టుకొని ఆగుతది. "గా గచ్చు నన్ను మింగుతదయ్యా" అని ఎనక్కి తిరుగుతది. గచ్చు పలగ్గొడతనంటే మొగన్ని ముట్టనియ్యది. "ఏసుడొకపాలి, పలగ్గొట్టుడొకపాలి, ఊరు నవ్వదా?" అంటది. ఆమె గడప లోపల కూసుంటే భీమన్నకు బుక్క దిగకపోయేది.

ఆఖరికి బోధన్ పోయి కట్టెపని చేసే వడ్ల దస్తగిర్‌ను తోల్కొచ్చిండు. ఆ ఇంటి చెరుకు బండ్లు చేసింది దస్తగిరే. లారీలు వచ్చినంక ఆ బండ్లు కొట్టం ఎనక పడున్నయి. దస్తగిర్ బండి పలకను ముని వేళ్లతోని కొట్టి చూసి నవ్విండు.

"భీమన్నా, ఎండకూ వానకూ మగ్గిన కట్టె ఇది. ఇగ వంకర పోదు, ఒంపు పోదు. గచ్చును ముట్టద్దు. ఈ బండ్ల కట్టెతోని దాని మీదనే వాకిలి ఏద్దాం."

గచ్చు మీద షాబాద్ బండ ముక్కలు పెట్టి, వాటి మీద దూలాలు పరిచిండు. నీళ్లు మోరి దిక్కు పారే వాలుకే పరిచిండు. వాటి మీద అడ్డంగ పలకలు కొట్టుకుంట పోయిండు. పలకకూ పలకకూ నడుమ బండి శీల పెట్టి, మేకు కొట్టినంక శీల తీస్తడు. అంత సందు మిగులుతది.

"ఏంది తమ్మీ గా సందులు? బియ్యం పడితే కిందికి పోవా?" అన్నది సాయవ్వ గడప లోపల నిలవడి.

"నీళ్లు సుత గట్లనే పోతయక్కా. నీ బండిల ఎన్నడన్న నీళ్లు నిలిచినయా?"

పని అయిపోయినంక సాయవ్వ చూసింది. అమ్మో! గడప అంచు దాక కట్టె వాకిలి. చెరుకు తాళ్లు ఒరుసుకున్న గీతలు, ఫ్యాక్టరీ కాడ లైన్ల నిలవడ్డ రాత్రులు భీమన్న చుట్ట పెట్టి కాల్చిన మచ్చ, అన్నీ అట్లనే ఉన్నయి. తను కాపురానికొచ్చిన బండి ఇయ్యాల వాకిలై పండుకున్నదని ఆమె రెప్ప కొట్టకుంట చూసింది. చూసింది గని అడుగు పెట్టలే.

"అలుకు వడని వాకిల్ల కాలు పెడతరా? శుక్రారం పొద్దు పెడత తియ్" అన్నది. తెల్లారి కోడలు రాధాబాయిని పిలిచింది.

"అత్తా, కట్టెకు పెండ అలుకా?"

"వాకిలైనంక అలుకు వడాలె! దట్టంగ అలుకు!"

మహారాష్ట్ర దెగ్లూర్ దిక్కు పిల్ల, అత్తకు ఎదురు చెప్పేది కాదు. దట్టంగనే అలికింది. ఎండకు పెండ సందులల్ల గట్టి పడ్డది.

గురువారం పగటీలి అందరు చేన్ల ఉన్నరు. ఆకాశం ఇరగబడ్డట్టు వాన! మోరి పలకల కిందికి ఉండె, నీళ్లు కిందికి పోయే తొవ్వ లేక అవుతలి గోడ కాడ పలకల మీద నిలిచి, మెల్లగ గడప దాక నిండుకుంట వచ్చినయి. సాయవ్వ గడప కాడ నిలవడి చూసింది. అయ్యో, నా నోటితోనే నేను పాడు చేసుకుంటినా! "రాధా! ఓ రాధా!" అని మొత్తుకున్నది. ఎవ్వలు పలుకుతరు?

చూరుల చెక్కిన చెరుకు కొడవలి గుంజింది. గడప మీద కూసొని చెయ్యి చాపి, మొదటి సందుల కొన పెట్టి గీకింది. పెండ ఊడింది. నీళ్లు గుడగుడమని కిందికి దిగినయి. రెండో సందు గీకింది. చెయ్యి అందకపోతే ముందుకు జరిగింది. ఇంకో సందు, ఇంకింత ముందుకు. నడుము నొస్తే లేచి నిలవడ్డది.

నిలవడ్డంక తెలిసింది, ఎక్కడున్నదో. వాకిలి నట్టనడుమ!

కాళ్ల కింద పలక కదలలే, జారలే. తనను పడగొట్టిన గచ్చు మీదికెళ్లి నీళ్లు గలగల పారి మోరిల పడుతున్నయి. నీళ్లు కింద, తను మీద. ఏమి ఇచ్చంత్రమమ్మా ఇది అని సాయవ్వ కొడవలి పట్టుకొని వానల అట్లనే నిలవడి ఆ చప్పుడు ఇన్నది.

వానకు ఉరుక్కుంటొచ్చిన భీమన్న బయటి దర్వాజ కాడనే ఆగిపోయిండు. చిన్నపోరగాని లెక్క బోరుమని ఏడ్చిండు.

"ఏడ్చింది చాలు గని, ఆ బురద కాళ్లు కడుక్కొని రా" అన్నది సాయవ్వ. "నా వాకిలి ఖరాబు చేస్తే ఊకోను."