నేను వెళ్లని రెండు రోజుల తరగతి

మొన్న ఆదివారం పొద్దున, లాల్‌దర్వాజాలోని మా ఇంట్లో ఫోనును గోడకు ఆనించి పెట్టుకుని, మూత్రనాళం ఇరుకైపోయినవాళ్లకు చేసే ఆపరేషన్ మీద ఒక తరగతి వింటున్నాను. డాక్టరుగా పేరు రిజిస్టర్‌లో నిలవాలంటే నాలాంటి పాత యూరాలజిస్టులు కూడా ఇన్ని గంటలని తరగతులు వినాల్సిందే. తెర మీద ఒక యువ డాక్టరు బుగ్గ లోపలి పలుచటి పొరను తీసి, దానితో నాళాన్ని వెడల్పు చేయడం నిదానంగా చూపిస్తుంటే నాకు మా మేనమామ మతికొచ్చాడు. ఆ తర్వాత ఏం చెప్పారో చెవికెక్కలేదు.

మామకు మా గల్లీలోనే పాడి ఉండేది. నేను చేసే వైద్యం పేరు ఆయనకు నోరు తిరగకపోయినా, మా అల్లుడు పెద్ద డాక్టరని బేగంబజార్ దాకా చెప్పుకునేవాడు. ఒక వానాకాలం, పాలక్యాన్లతో పోతుంటే సైకిలు జారి, కడ్డీ మీద కాళ్లు అటూ ఇటూగా పడ్డాడు. వాపు తగ్గింది గానీ కొన్నాళ్లకు మూత్రం ధార సన్నబడింది. సిగ్గుతో అత్తమ్మకు కూడా చెప్పలేదు, నాకు చెప్పాడు. నేను నేర్చుకున్న పద్ధతిలో సన్నటి ఉక్కు సలాకలు వేసి దారి వెడల్పు చేశాను. రెండు మూడు నెలలు బాగుండేది, మళ్లీ మూసుకుపోయేది, మళ్లీ వచ్చేవాడు. తువ్వాల పళ్ల మధ్య బిగబట్టి పడుకుని, అయిపోగానే లేచి బర్రెల ముచ్చట్లు చెప్పేవాడు.

ఆ రోజుల్లోనే నాకు చదువు చెప్పిన సారు ఫోను చేసి, ఇరుకైన నాళానికి కొత్త ఆపరేషన్ ఒకటి కళ్లముందే చేసి చూపిస్తున్నారు, శని ఆదివారాలు రెండు రోజుల తరగతి, తప్పక రమ్మన్నారు. ఆదివారం నా దవాఖానా కిటకిటలాడే రోజు. దానికి తోడు, ఇన్నేళ్లుగా చేస్తున్న పనిలో ఇంకా నేర్చుకునేదేముందన్న పొగరు కూడా ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవాలి. వెళ్లలేదు.

కొన్నేళ్లకు తరగతుల గంటలు తప్పనిసరి అయ్యాక, హాజరు కోసం ఒకదానికి వెళ్లి చివరి వరుసలో కూర్చున్నాను. బుగ్గ పొరతో చేసే ఆ ఆపరేషన్‌నే చూపించారు. మాటిమాటికీ సలాకలు వేస్తే లోపలి గాయం ఇంకా పొడుగై, గట్టిపడుతుందని చెప్పారు. భోజనానికి ఆగకుండా నేరుగా మామ ఇంటికి వచ్చాను. అప్పటికే ఆయన మొహం ఉబ్బి ఉంది. పరీక్షలు చేయిస్తే రెండు మూత్రపిండాలూ దెబ్బతిన్నాయని తేలింది. సారు దగ్గరికి తీసుకుపోతే కాగితాలన్నీ చూసి, నాలుగైదేళ్ల కిందట తెచ్చి ఉంటే బాగుండేదన్నారు, అంతే. ఆయన నన్ను తిట్టి ఉంటే కొంత తేలికపడేవాణ్ని.

ఇంటికి వచ్చాక మామ పక్కన కూర్చుని, నేను ఎగ్గొట్టిన తరగతి సంగతితో సహా అంతా చెప్పేశాను.

"నాకేమెరుక అల్లుడా," అన్నాడు మామ. "నువ్వు చేసిందే ఆఖరు వైద్యం అనుకున్న. ఇంకోటి ఉన్నదని తెలిస్తే నిన్ను అడగకపోదునా."

ఆ గొంతులో కోపం లేదు. డయాలసిస్ మీద రెండేళ్లు బతికాడు. పోయేముందు అత్తమ్మను పిలిచి, అల్లుడిని ఏమీ అనొద్దని చెప్పాడట. ఆ మాట అత్తమ్మ నాకు దినాలైపోయాక చెప్పింది. చెప్పి, నా మొహం చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత నేను ఒక్క తరగతీ మానలేదు. దవాఖానా మూసి మరీ వెళ్లాను, ముందు వరుసలో కూర్చున్నాను, నాకంటే చిన్నవాళ్లను అడిగి నేర్చుకున్నాను. బుగ్గ పొర ఆపరేషన్ నా చేతులతోనే ఎందరికో చేశాను. వాళ్లు బాగై, నవ్వుకుంటూ పోతుంటే సంతోషించాల్సింది పోయి, ఎందుకో తల దించుకునేవాణ్ని.

మా కాలంలో డాక్టరును ఎవరూ ప్రశ్నించేవారు కాదు, దాన్ని మేము గౌరవమనుకుని మురిసిపోయాం. ఈ కాలం రోగులు అన్నీ ఫోనులో చదువుకుని వస్తారు, ఇంతకన్నా మంచి పద్ధతి లేదా సార్, అది మీకు వచ్చా అని మొహం మీదే అడుగుతారు. మా కుర్ర డాక్టర్లు విసుక్కుంటారు. నేను మాత్రం కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఓపిగ్గా జవాబు చెబుతాను. మామ ఆ మాట ఒక్కసారైనా అడిగి ఉంటే, ఆ ఆదివారం నేను వెళ్లేవాణ్నేమో.