మా నాయన మళ్ళీ బావిలో దూకిన రోజు

మొన్న రాయదుర్గంలో మా మనవరాలి ఫ్లాటుకి వెళ్ళినప్పుడు, పొద్దుటినుంచీ పడకగదిలోనే కంప్యూటరు ముందు కూర్చుని ఆఫీసు పని చేస్తూ, అన్నం కూడా అక్కడికే తెప్పించుకుని, పలకరిస్తే కసురుకుంటున్న ఆ పిల్లను చూడగానే నాకు ఉన్నట్టుండి మా నాయన గుర్తొచ్చాడు.

ఆయన దర్జీ. నలభైల చివర్లో, నాకు తొమ్మిదేళ్ళున్నప్పుడు, పట్నంలో గడబిడలు మొదలై ఆయన పనిచేసే దుకాణం మూతపడితే, కుట్టుమిషను ఎడ్లబండి మీద వేసుకుని, అప్పటికి చిన్న పల్లెగా ఉన్న ఈ రాయదుర్గానికే తెచ్చి మా ఇంటి వసారాలో పెట్టుకున్నాడు. ఇక నాయన రోజంతా ఇంట్లోనే ఉంటాడని నేను వాడంతా చెప్పుకుని గంతులేశాను గాని, నాలుగు నెలలు తిరిగేసరికి ఆయన మాటే మానేశాడు. మిషను దగ్గరే తినడం, అక్కడే కునకడం, మేం నవ్వితే కేకలెయ్యడం. ఒక మధ్యాహ్నం తను కుట్టిన చొక్కానే పరపరా చించేసి, చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు.

మా అమ్మ మిషను చక్రానికున్న తోలు పట్టా ఊడదీసి కొంగున ముడేసుకుంది.

"రేపు పొద్దుగాల ఇస్త. ఇగ బాయి కాడికి పో, పోరికి ఈత నేర్పు."

"చేతినిండ పనున్నది. ఎర్రి లేసిందా నీకు?" అని అరిచాడు నాయన.

"పని యాడికి పోదు. నువ్వే మాకు లేకుంట పోతున్నవ్."

ఆ మాటకు ఆయన మిషను ముందునుంచి లేచాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని ఒకప్పుడు తను ఈతలు కొట్టిన, బండరాళ్ళ వెనకనున్న మోటబావికి తీసుకెళ్ళి, మునగకుండా నా నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి, ముందు తనే గట్టుమీదినుంచి ఎగిరి దూకాడు చూడండి! బావి అంతా దద్దరిల్లింది, పావురాలు గుంపుగా లేచాయి, నీళ్ళలోంచి తలెత్తిన నాయన పగలబడి నవ్వుతున్నాడు, అన్ని నెలల తర్వాత!

"దుంకు బిడ్డా, నేనున్న గద!"

కళ్ళు మూసుకుని దూకేశాను. ముక్కులోకి నీళ్ళు పోయినా నాకు ఒకటే సంబరం.

మర్నాటినుంచి ఎండ వాలగానే ఆయనే పట్టా విప్పి అమ్మ చేతికిచ్చేవాడు. వానాకాలానికి నేను బుర్రలు లేకుండా అవతలి గట్టు ముట్టుకున్నాను. నాయన కూనిరాగం తీస్తూ కుట్టేవాడు.

ఆ బావి పూడ్చి అద్దాల మేడలు కట్టారు. వాటిలో ఈతకొలనులున్నాయట, దిగే తీరికే ఎవరికీ లేదు. మన రోజుల్లో పని ఇంట్లోకొస్తే, దాన్ని ఆపే మనిషి కూడా ఇంట్లోనే ఉండేది. ఇప్పుడు ఎవరి గది వారిది. మనవరాలు మూసుకున్న తలుపు తట్టడానికి నాకే సంకోచం. మా అమ్మకు ఆ సంకోచం తెలియదు.